మామ కొట్టంలో కాకతీయుల కత్తి

నేను ఖడ్గం తయారు చేస్తానని చెప్పిన రోజు మా ఆవిడ పప్పుకు పోపు పెడుతోంది. గరిటె అలాగే గాల్లో ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఖడ్గమా? మొన్న గోడకు మొల కొట్టనీకి మనిషిని పిలిపిస్తివి గద," అంది.

అది నిజమే. మొల కొడితే వంకర పోతుంది, లేకపోతే నా వేలి మీద పడుతుంది. మేడ్చల్‌లో ఒక మందుల కంపెనీలో నా ఉద్యోగం. బిళ్ల బరువు సరిగ్గా ఉందా, అంచు విరిగిందా, రంగు ఒక్క తీరుగా ఉందా అని చూడటం నా పని. యాభై దగ్గర పడేదాకా నేను చేత పట్టిన పనిముట్లలో బరువైనది పట్టకారు. అదీ బిళ్లను నలగకుండా ఎత్తే చిన్న పట్టకారు. అలాంటివాడు కొంపల్లి అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తులో కూర్చుని కాకతీయుల కాలం నాటి కత్తి చేస్తానంటే ఏ ఆడదైనా గరిటె ఆపుతుంది.

దీనంతటికీ మూలం మా మామ పొలంలో ఉన్న రాయి.

అత్తగారి ఊరు మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ నడుమ, రోడ్డుకు కొంచెం లోపలగా ఉంటుంది. మామ పొలం గట్టు మీద నడుమెత్తు రాయి ఒకటి నిలబడి ఉంది. దాని మీద ఒక వీరుడి బొమ్మ. ఒక చేతిలో డాలు, ఇంకో చేతిలో కత్తి. వెనకటికి ఊరి కోసం కొట్లాడి చచ్చిపోయినవాళ్లకు ఇలాంటి రాళ్లు నిలబెట్టేవాళ్లు. వీరగల్లు అంటారు. ఊళ్లో మాత్రం కత్తి దేవర అంటారు, కాకతీయుల కాలంవాడని చెప్పుకుంటారు. ఏటేటా నూనె, పసుపు పూసి, పండగ ముందు రంగు వేస్తారు. ఒంటికి పచ్చరంగు, పంచెకు ఎర్రరంగు, కత్తికి వెండిరంగు.

మామ పుట్టు రైతే. కానీ చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయ్యేసరికి ఆయన కూడా తెల్లచొక్కా తొడిగి, రెండు ఫోన్లు పట్టుకుని, భూములు చూపించే పెద్దమనిషి అయ్యాడు. వచ్చినవాళ్లందరికీ ముందు రాయి చూపించేవాడు. కథ మాత్రం మనిషిని బట్టి మారేది. యాప్రాల్ నుంచి రిటైరైన మిలిటరీ ఆయన వస్తే దేవర సేనాపతి. వ్యాపారం చేసే సేటు వస్తే దేవర ఖజానాకు కాపలాదారు. కొత్తగా పెళ్లయిన సాఫ్ట్‌వేర్ జంట వస్తే ప్రేమ కోసం ప్రాణం ఇచ్చిన మగాడు. ఒక ఆదివారం ఆయన ఈ మూడో కథ చెబుతుంటే ఆ పెళ్లికొడుకు అడిగాడు: "అంకుల్, ఆ కత్తి ఎట్ల చేసేవాళ్లు అప్పట్ల?"

"ఇనుముతోని," అన్నాడు మామ, ఇంకేం కావాలన్నట్టు.

ఆ జవాబు పెళ్లికొడుక్కి సరిపోయింది. నాకు సరిపోలేదు. ఆ రాత్రి నుంచి ఫోన్‌లో వీడియోలు మొదలు. ఎక్కడెక్కడి గడ్డపు మనుషులో ఇనుమును ఎర్రగా కాల్చి టకటకా నాలుగు దెబ్బలు కొడితే కత్తి తయారు. చూస్తుంటే దోసె పోసినంత తేలికగా ఉంది.

మరుసటి ఆదివారం చార్టు కాగితం, పెన్సిలు, ల్యాబ్‌లో వాడేలాంటి కొలత పరికరం తీసుకుని వెళ్లాను. కాగితాన్ని రాయికి ఆనించి దేవర కత్తి అచ్చు గీశాను. మొదట్లో ఎంత వెడల్పు, నడిమిలో ఎంత, కొన దగ్గర ఎంత, అన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచాను. కత్తి పొట్టిగా, బాగా వెడల్పుగా, కొన దగ్గర తెడ్డులా ఉబ్బి ఉంది. వీడియోల్లో ఎక్కడా అలాంటిది కనిపించలేదు. మన కాకతీయులది ప్రత్యేకమైన పనితనమని పొంగిపోయాను.

మామ దూరం నుంచి ఇదంతా చూశాడు. మా పెళ్లయిన నాటి నుంచి ఆయనా నేనూ నేరుగా మాట్లాడుకున్నది తక్కువ. గొడవలేం లేవు, మర్యాద ఎక్కువ. ఏం అడగాలన్నా కూతురి మీదుగా అడిగేవాడు. నేను పక్కనే ఉన్నా "అల్లుడు చాయ తాగిండా?" అని ఆమెను అడుగుతాడు. నేను "తాగాను" అని ఆమెకే చెబుతాను. ఆ రోజు కూడా ఆమెనే పిలిచి, నాకు వినబడేలా మెల్లగా అడిగాడు: "బిడ్డా, ఆయనకు పాణం మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది బాపు. కత్తి జేస్తడట."

"ఎవర్ని పొడువనీకి?"

"ఊకెనే. ఇష్టమట."

మామ చాలాసేపు ఆలోచించాడు. తాగుడు, పేకాట కంటే ఇది నయమని తోచిందేమో, ఖాళీగా ఉన్న గొడ్ల కొట్టంలో ఒక మూల నాకిచ్చాడు. గొడ్లను ఎప్పుడో అమ్మేశారు. కొట్టంలో ప్లాట్లకు పాతే హద్దురాళ్లు, రంగురంగుల జెండాలు ఉండేవి. మా ఆవిడ ఒకటే షరతు పెట్టింది. కత్తికి పదును పెట్టకూడదు. "నీ చేతికి మొద్దు కత్తే ఎక్కువ," అంది.

ఎవరైనా తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకుందామని మేడ్చల్‌లో గేట్లు చేసే ఒకాయన దగ్గరికి వెళ్లాను. వాళ్ల తాత కొలిమి పని చేసేవాడని విన్నాను. నేను చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు.

"తాత జేసేటోడు సార్. నాకు వెల్డింగ్ ఒక్కటే ఎర్క. గేటు కావాల్నంటే చెప్పుండ్రి, మీద శూలాలు పెట్టి ఇస్త. చూస్తే కత్తుల లెక్కనే ఉంటయి."

గేటు వద్దన్నాను. ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. అయినా పాత సమ్మెట ఒకటి, పొడుగు పట్టకారు ఒకటి వెతికి ఇచ్చాడు. "కత్తి అయినంక ఫొటో పంపుండ్రి," అన్నాడు. హైవే పక్కన పాత ఇనుము కొట్లో లారీ కమాను పట్టీ కొన్నాను. చక్రాల మీద లారీ బరువు మోసే వంపు తిరిగిన పట్టీ అది. కత్తికి ఆ ఉక్కు మంచిదని గడ్డపు మనుషులందరూ చెప్పారు. ఇనుము పెట్టి కొట్టడానికి దాగలి కావాలి. అదే కొట్లో మందపాటి ఇనుప దిమ్మె దొరికితే దాన్నే దాగలి అనుకున్నాను. కొలిమికి లారీ బ్రేకు డ్రమ్ము. గాలి కొట్టే తిత్తి బదులు మా ఆవిడ తల ఆరబెట్టుకునే మిషను. ఆ చివరి వస్తువు గురించి ఇంట్లో చెప్పలేదు.

మొదటి ఆదివారం బొగ్గులు రాజేసి, మిషను ఆన్ చేసి, పట్టీని మంటలో పెట్టాను. ఎర్రబడింది. తీసి దిమ్మె మీద పెట్టి కొట్టాను. వీడియోల్లో ఇనుము మైనంలా వంగుతుంది. నాది వంగలేదు. సమ్మెట మాత్రం ఎగిరి నా భుజం మీదుగా వెనక్కు చూసింది. నాలుగు దెబ్బలు కొట్టేసరికి పట్టీ నల్లబడింది. మళ్లీ మంటలో పెట్టాను. మధ్యాహ్నం దాకా ఇదే వరస. పక్క పొలం ఆయన వచ్చి, "ఏం కడుతున్నరు పటేలా? పర్మిషన్ తీస్కున్నరా?" అని మామను అడిగాడు. మామ తల అడ్డంగా ఊపి, కొట్టం వైపు చూపించి, చేతులు తిప్పాడు.

సాయంత్రానికి వాసన వచ్చింది. అది బొగ్గు వాసన కాదు. తల ఆరబెట్టే మిషను ముక్కు కరిగి కిందికి వేలాడుతోంది. దాన్ని మా ఆవిడకు ఎలా చూపించాలా అని ఆలోచిస్తుండగానే ఆమె మజ్జిగ తీసుకుని వచ్చింది. చూసింది. మజ్జిగ చెంబు నాకివ్వకుండా తనే తాగి వెళ్లిపోయింది.

తరవాతి వారం నేను వెళ్లేసరికి కొలిమికి పాత కూలరు ఫ్యాను బిగించి ఉంది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. మామ బయట మంచం మీద కూర్చుని ఫోన్‌లో ఎవరికో రోడ్డు వెడల్పు గురించి చెబుతున్నాడు.

కూలరు గాలి మహా జోరు. ఇనుము ఎరుపు దాటి పసుపైంది, పసుపు దాటి తెలుపైంది. నేను ఫోన్‌లో రంగులు పోల్చి చూసుకుంటున్నాను. ఇంతలో పట్టీ కొన నుంచి కాకరపువ్వొత్తుల్లా రవ్వలు చిమ్మాయి. చిటపటమంటూ కొట్టమంతా వెలుగు. అత్త పరుగున వచ్చి, "మస్తున్నది!" అని చప్పట్లు కొట్టింది. నేను కూడా ఒక్క క్షణం అలాగే అనుకున్నాను. తీసి చూస్తే పట్టీ కొన ఎలుకలు కొరికిన రొట్టెలా ఉంది. ఉక్కు కాలిపోయింది.

రెండో పట్టీతో జాగ్రత్త పడ్డాను. రంగు తప్పనివ్వలేదు. అంచు పలచన కావాలని ఒక పక్కనే కొట్టుకుంటూ పోయాను. ఒక పక్కనే కొడితే ఆ పక్క సాగి ఇనుము రెండో పక్కకు తిరుగుతుందట. నాకు తెలియదు. ఎంత శ్రద్ధగా కొడితే అంత శ్రద్ధగా వంకర తిరిగింది. ఆదివారాలు గడిచేకొద్దీ అది కత్తి అయ్యే ఆశ పోయి, అచ్చం నెలవంకలా తయారైంది. అత్తకు మాత్రం చాలా నచ్చింది.

"గిది మంచిగొచ్చింది బిడ్డా. పిడి పెట్టియ్యి, గడ్డి కోసుకుంట," అంది. నేను చేసిన వస్తువుల్లో ఎవరైనా అడిగి తీసుకున్నది అదొక్కటే.

మూడో పట్టీ దగ్గర మామ ఓపిక నశించింది. అప్పటిదాకా మంచం మీద నుంచి చూస్తూ ఉన్నవాడు లేచి గుమ్మంలోకి వచ్చాడు.

"ఏం కొట్టుడది? దోమను కొట్టినట్టు."

ఈ మాట కూతురితో అనలేదు. ఆమె అక్కడ లేదు. నాతోనే అన్నాడు. మా ఇద్దరికీ కొంచెం సిగ్గేసింది.

"మీరు కొడతారా మామా?" అన్నాను, మర్యాదకు.

మామ రెండు ఫోన్లూ మంచం మీద పెట్టాడు. తెల్లచొక్కా విప్పి హద్దురాయి మీద వేశాడు. బనియన్‌తో నిలబడి సమ్మెట ఎత్తాడు. ఆయనకు ఈ పని వచ్చనుకుంటే పొరపాటు. మొదటి దెబ్బ దిమ్మె మీద పడి సమ్మెట ఎగిరింది. రెండోది పట్టకారు మీద పడి నా చెయ్యి మోచేతి దాకా తిమ్మిరెక్కింది. మూడోది ఇనుము మీద పడింది. నేను వారాల తరబడి బతిమాలినా వినని ఇనుము ఆ ఒక్క దెబ్బకు చదునుగా పరుచుకుంది.

మా ఇద్దరి నోటి నుంచీ ఒకేసారి "ఓ!" అని వచ్చింది.

ఆ తరవాత మర్యాదలకు టైము లేకపోయింది. ఇనుము ఎర్రగా ఉండేది కాసేపే. ఆ కాసేపట్లో "మీరు కొంచెం దయచేసి ఇటు పక్క కొట్టగలరా" అనేలోపు చల్లారిపోతుంది. "కొట్టు మామా! గీడ! గీడ! జల్దీ!" అని అరిచాను. "ఏడ పట్టుకున్నవ్? సక్కగ పట్టు!" అని ఆయన అరిచాడు. మంచం మీద ఫోన్లు ఒకదాని వెంట ఒకటి మోగుతున్నాయి. అత్త బయట నుంచి, "ఓ అయ్యా, ఫోను!" అని కేక వేస్తే, "పని మీద ఉన్ననని చెప్పు!" అన్నాడు. ఎన్నో ఏళ్లకు ఆ మాట నిజమైనట్టు అత్త కొట్టంలోకి తొంగి చూసి వెళ్లింది.

సాయంత్రం భుజం తడుముకుంటూ, "ఎన్నేండ్లాయె గీ భుజం నొయ్యక," అన్నాడు మామ. అది ఫిర్యాదులా వినిపించలేదు.

మూడో కత్తి చార్టు కాగితం మీద పెడితే అచ్చం సరిపోయింది. ఇక గట్టిపరచాలి. ఎర్రగా కాల్చి ఒక్కసారిగా నూనెలో ముంచాలి. పాత ఇనుప గొట్టం కింద మూత బిగించి, నిలబెట్టి, పల్లీనూనె పోశాం. ముంచగానే భగ్గున మంట లేచింది, తగ్గింది. కొట్టమంతా మిర్చిబజ్జీల వాసన.

"పిండి గలుపుమందునా?" అన్నాడు మామ.

నేను నవ్వబోతుండగా గొట్టంలోంచి చిన్న చప్పుడు వచ్చింది. టింగ్. గాజు గ్లాసుకు చెంచా తగిలినంత చిన్నది. తీసి చూస్తే నడిమిలో అడ్డంగా సన్నటి గీత. కత్తి పగిలింది. మామ ఆ గీత మీద వేలితో రాశాడు, రాస్తే పోతుందేమోనని. ఇద్దరం హద్దురాళ్ల మీద కూర్చున్నాం. అత్త వచ్చి, "అన్నం తినుండ్రి. సావుకు పొయ్యొచ్చినోళ్ల లెక్క గూసున్నరు," అంది. ఆ మధ్యాహ్నం మామ రెండోసారి అన్నం పెట్టించుకోలేదు.

నేను మానేద్దామనుకున్నాను. నిజం చెప్పాలంటే ఇంటికి వెళ్లేటప్పుడు మా ఆవిడతో ఆ మాట అన్నాను కూడా. ఆమె కారు కిటికీలోంచి బయటకు చూస్తూ, "బాపు నిన్న మేడ్చల్ పొయ్యి ఇంకో రెండు పట్టీలు తెచ్చిండు. నువ్వు మానేస్తే నువ్వే చెప్పు, నేను చెప్ప," అంది. నాకా ధైర్యం లేదు. మానలేదు.

నాలుగోది నిలబడింది. ఈసారి నూనెను ముందే కొంచెం వేడి చేశాం, తొందరపడకుండా ముంచాం. చెవులు రిక్కించి విన్నాం. చప్పుడేమీ రాలేదు. గట్టిపడ్డ ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది కాబట్టి మళ్లీ సన్నటి వేడి మీద కాచాలి. దానికి మా ఇంటి కేకుల ఓవెన్ బాగుంటుందని ప్రతిపాదించాను. మా ఆవిడ ఓవెన్‌కు అడ్డంగా నిలబడింది. కత్తి అందులో సగం కూడా పట్టదని తరవాత కొలిచి చూస్తే తెలిసింది. చివరికి నిప్పుల మీదే మెల్లగా, తేనె రంగు తిరిగేదాకా కాచాం. తుమ్మకర్ర పిడి మామ చెక్కాడు. వంకరగా ఉందని మా ఆవిడ చెబితే మళ్లీ చెక్కాడు. మళ్లీ వంకరగానే ఉందని చెబితే, "నీ కండ్లే వంకర," అని అలాగే బిగించాడు.

ఎలాగుందంటే, నిజానికి బాగుంది. దూరం నుంచి ఇంకా బాగుంది. ఒంటి చేత్తో పైకెత్తాను. రెండో చెయ్యి కూడా సాయం పట్టాల్సి వచ్చింది. గేట్లు చేసే ఆయనకు ఫొటో పంపాను. "సూపర్ సార్, తెడ్డు మంచిగున్నది," అని జవాబిచ్చాడు.

ఇక్కడితో కథ అయిపోవలసింది. కానీ కత్తిని మామ కొట్టంలోనే ఉంచడం నా తప్పు. ప్లాటు చూడటానికి వచ్చినవాళ్లకు దేవర రాయి చూపించాక, కొట్టంలోకి తీసుకెళ్లి ఎర్రగుడ్డ తీసి కత్తి కూడా చూపించడం మొదలుపెట్టాడు. "బోరు ఏస్తుంటే ఎల్లింది. దేవర కత్తే," అనేవాడట. నా పేరు ఎక్కడా లేదు. నాకు ఇది చాలా రోజులు తెలియదు.

ఒక మధ్యాహ్నం నేను ల్యాబ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది.

"అల్లుడా, జల్దీ రా. గవర్మెంటోళ్లు వచ్చిండ్రు."

"ఎంతమంది మామా?"

"ఒక్కామె. స్కూటీ మీదొచ్చింది."

సెలవు పెట్టి వెళ్లాను. ఆమె గవర్నమెంటు మనిషి కాదు. ఒక కాలేజీలో చరిత్ర చెప్పే మేడమ్. పొలంలో పాత కత్తి దొరికిందని ఎవరో చెబితే చూడటానికి వచ్చింది. అలాంటివి దొరికితే అధికారులకు చెప్పాలి, వాళ్లొచ్చి చూసేదాకా అక్కడ తవ్వకూడదు, కట్టకూడదు అని మామకు మెత్తగా చెప్పింది. మామకు చివరి రెండు మాటలే వినిపించాయి. నేను బండి దిగేసరికి ఆయన తెల్లచొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"గీనెనే మేడమ్!" అన్నాడు నన్ను చూడగానే. "గీనెనే జేసిండు. బోరు లేదు, గీరు లేదు. నేను ఊకె అన్న. మా అల్లుడు జేసిండు, నా మీద ఒట్టు."

"నిజమా సార్?" అంది మేడమ్.

వెంటనే అవునని చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. మామ ఇంకా ఏమంటాడో విందామని కాసేపు ఆగాను.

"మస్తు పనిమంతుడు మేడమ్," అన్నాడు మామ, గొంతు పెంచి. "ఒక్కటి ఇరిగింది, ఒక్కటి కాలింది, ఒక్కటి వంకర బోయింది. అయినా ఇడ్వలే. గిసొంటి అల్లుడు మా ఊర్లనే లేడు. చెప్పరాదు అల్లుడా, నోరు లేదా నీకు?"

ఇంక ఆగితే పాపమని అవునన్నాను. కాలిన పట్టీ, పగిలిన కత్తి తెచ్చి చూపించాను. అత్త కొడవలి కూడా తెచ్చింది.

"అక్కర్లేదు సార్," అంది మేడమ్ నవ్వుతూ. "కత్తి చూడంగనే కొత్తదని తెలిసింది."

ఇది నాకు నచ్చలేదు. ఇబ్బంది తప్పిందని సంతోషించాలో, ఇన్నాళ్ల శ్రమను చూపుతోనే తేల్చేసిందని బాధపడాలో తెలియలేదు. "ఎట్ల తెలిసింది?" అని అడిగాను, కొంచెం బిగువుగా.

"ఎత్తి చూసిన కద. గింత బరువు కత్తి పట్టుకొని యుద్ధానికి పోతే శత్రువు రాకముందే చెయ్యి పడిపోతది."

"రాయి మీద ఇట్లనే ఉంది మేడమ్. నేను కొలిచాను."

"రాయి చూపియ్యుండ్రి," అంది.

రాయి ముందు కూర్చుని ఆమె చాలాసేపు చూసింది. వెండిరంగు మీద గోటితో మెల్లగా తట్టింది. డొల్లగా చప్పుడైంది. "మీద సున్నం, రంగు పొరలు పొరలుగ ఉన్నది. కడుగుదామా?" అని అడిగింది.

మామ తటపటాయించాడు. దేవర మీద చెయ్యి వేయడమంటే చిన్న మాట కాదు. అత్త తేల్చేసింది: "దేవునికి తానం పోస్తమంటే ఒద్దంటవా?" నేను ఉత్సాహం కొద్దీ గ్రైండింగ్ మిషను తెస్తానన్నాను. మేడమ్ నా వైపు ఎలా చూసిందంటే, ఇక ఆ సాయంత్రమంతా నీళ్లు మోయడం తప్ప నేను నోరెత్తలేదు. ఇనుము తగలనివ్వలేదు ఆమె. గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి కుంచె, వెదురు పుల్లలు. ఫోన్ చేస్తే మా ఆవిడ కూడా వచ్చి కొంగు బిగించింది.

ఏళ్ల తరబడి పూసిన పచ్చరంగు కింద నీలం, నీలం కింద సున్నం, సున్నం కింద నూనె జిడ్డు. పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కత్తి దగ్గరికి వచ్చేసరికి వెండిరంగు పెళ్ల ఒకటి తాబేటి చిప్పలా అలాగే ఊడి మా ఆవిడ చేతిలో పడింది. దాని కింద ఇంకో కత్తి ఉంది. సన్నగా, సున్నం పొరల్లో దాగిన కొనతో పొడుగ్గా, చివర కొద్దిగా వంపు తిరిగి, తామరతూడులా. నేను ఎంతో నిక్కచ్చిగా కొలిచి, ఉక్కులో దింపింది ఊరివాళ్లు ఏటా పూసిన రంగు ఉబ్బును.

మా ఆవిడ పెళ్లను చేతిలో పట్టుకుని దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. పాపం, నవ్వు ఆపుకోవడానికి చాలా ప్రయత్నించింది. మేడమ్ కూడా ప్రయత్నించింది. ఇద్దరి వల్లా కాలేదు.

అప్పుడు మామ నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు పరేషాన్ గాకు అల్లుడా. కత్తి మంచిగనే ఉన్నది. రాయే తప్పున్నది."

అంతా నవ్వుతుంటే అత్త ఒక్కతే పుల్లతో పని ఆపలేదు. పొద్దు వాలుతుండగా ముఖం మీది చివరి పెచ్చు తీసింది. మీద కట్టిన సిగ, పెద్ద కళ్లు, నున్నటి బుగ్గలు. రంగులో దేవరకు ఊరివాళ్లు ఇంత లావు మీసం దిద్దేవాళ్లు. రాతిలో మీసం లేదు. ఇరవై ఏళ్లు కూడా ఉండవేమో అనిపించే ముఖం. ఏ కాలంవాడో అక్షరాలు లేవు కాబట్టి గట్టిగా చెప్పలేనని, కాకతీయుల నాటివాడు కావచ్చు, తరవాతివాడు కావచ్చని మేడమ్ చెప్పింది.

మామ గొంతుక్కూర్చుని ఆ ముఖంలోకి చూశాడు. "చిన్నప్పట్సంది మొక్కుతున్న," అన్నాడు. "ముఖం ఇయ్యాల జూసిన." తరవాత ఎవరితోనూ కాకుండా, "పోరడు. గింత పోరడా," అన్నాడు. తువ్వాలతో రాతి బుగ్గ మీది నీళ్లు అద్దాడు, స్నానం చేయించిన పిల్లవాడికి అద్దినట్టు.

ఆ ఏడు పండక్కి రంగు వేయలేదు. పసుపు బొట్టొకటి పెట్టి ఊరుకున్నారు. ఊళ్లో కొందరు గొణిగారు గానీ అత్త ముందు గొణగలేదు. మామ ఇప్పటికీ ప్లాట్లు చూపిస్తాడు. రాయి ఉన్న గట్టు మాత్రం ప్లాట్లలో కలపలేదు. దేవర ఎవరని అడిగితే సేనాపతి కథ గానీ, ఖజానా కథ గానీ, ప్రేమ కథ గానీ చెప్పడం లేదు. "ఎవలో పోరడు. ఊరికోసం సచ్చిండు," అంటాడు. వినేవాళ్లు వంగి ఆ ముఖాన్ని చూస్తారు. తరవాత రోడ్డు వెడల్పు అడుగుతారు.

సన్నకత్తి పని మొదలైంది. వెడల్పుది చేసినంత తేలిక కాదు. పలచన చేస్తుంటే ఇటు కొడితే అటు, అటు కొడితే ఇటు పాములా తిరుగుతోంది. పోయిన ఆదివారం దాదాపు వచ్చిందనుకున్నప్పుడు ఒక్క దెబ్బకు కొన పక్కకు తిరిగింది. ఆ దెబ్బ మామది. ఆయన మాత్రం నేను పట్టకారు వదులుగా పట్టానంటాడు. అన్నానికి కూర్చున్నాక కూడా ఆ వాదన తెగలేదు.

"నువ్వు గట్టిగ పట్టుంటే గట్లయితుండెనా?"

"నువ్వు చూసి కొట్టుంటే గట్లయితుండెనా మామా?"

మా ఆవిడ ఇద్దరి పళ్లేల్లోనూ చారు పోసి, మా మధ్య నుంచి లేచి, తన కంచం తీసుకుని వాళ్లమ్మ పక్కకు వెళ్లి కూర్చుంది.